రెండో పాదం సంగతి

చిరంజీవికి,

నీ కథ చదివాను. తల్లీకొడుకుల మాటలు బాగా కుదిరాయి. చివరి పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండింది.

డాలస్‌లో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. కుర్రాడు గీత పక్కన ఎగిరి బంతి పట్టాడు. ఒక పాదం లోపల ఆనింది, రెండోది బయట పడింది. రిఫరీ చెల్లదన్నాడు, వాడు కుమిలిపోయాడు. ఎందుకు కుమలాలి? హైస్కూల్లో ఒక్క పాదం చాలు, కాలేజీలోనూ అంతే. రెండూ ఆనాలనేది ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ నిబంధన. టీవీలో ఆదివారం ఎన్ఎఫ్ఎల్ ఆట చూసి శుక్రవారం హైస్కూల్ ఆట రాశావు.

ఆట కథకు నిబంధనే ఆయువుపట్టు నాయనా. గీత మైదానం లెక్కలోకి రాదు, బొటనవేలు దాని అంచుకు తగిలినా బయటే. ఎన్ఎఫ్ఎల్‌లో మునివేళ్లు లోపల ఈడ్చుకుంటూ పోతే చెల్లుతుంది. అదే అడుగులో వేళ్లు లోపల ఆని, మడమ గీత మీద వాలిందా, పోయినట్టే. 2009 ఫిబ్రవరి 1న టాంపాలో జరిగిన సూపర్ బౌల్, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనల్, చూడు. పిట్స్‌బర్గ్ జట్టు స్టీలర్స్ వెనకబడి ఉన్నారు, నిమిషం కూడా మిగల్లేదు. బంతి విసిరే వాళ్ల క్వార్టర్‌బ్యాక్ రాత్లిస్‌బర్గర్ ముగ్గురు ప్రత్యర్థుల తలల మీదుగా ఎండ్‌జోన్ (బంతి పడితే పాయింట్లొచ్చే మైదానం చివరి భాగం) మూలకు విసిరాడు. దాన్ని అందుకున్న శాంటోనియో హోమ్స్ ఒళ్లంతా బయటికి వాలిపోతోంది, రెండు పాదాల మునివేళ్లు మాత్రం పచ్చికను వదల్లేదు. ఆ క్యాచ్ రీప్లేలోనూ నిలిచింది. 27-23తో స్టీలర్స్ గెలిచారు.

ఆ వేళ్ల గురించి నేనో పేరా రాశాను, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేస్తూ, రసీదు కాగితాల వెనక. ఒక సంపాదకుడు దాన్ని కొట్టేసి ‘స్టేడియం దద్దరిల్లింది’ అని చేర్చాడు. “పాదాల గోల మనవాళ్లకెందుకండీ” అని సలహా కూడానూ! బౌండరీ తాడుకు ఫీల్డర్ బూటు తగిలిందా లేదా అని ఊపిరి బిగబట్టి రీప్లే చూసే జనానికి పాదాల గోల పట్టదట. ఇప్పటికీ ఆట కథలన్నిట్లో స్టేడియాలు దద్దరిల్లుతూనే ఉన్నాయి.

కలం పేరు గురించీ పోటీల గురించీ అడిగావు, అవి తర్వాత.

కుర్రాణ్ణి ఓడించాల్సిందే అంటావా? పరుగులో తనంతట తానే గీత దాటి, మళ్లీ లోపలికొచ్చి బంతి పట్టేలా రాయి. హైస్కూల్లో అది తప్పు, పెనాల్టీ పడుతుంది. ఎదుటివాడు తోసేస్తే దాటాడంటే మాత్రం వెంటనే తిరిగి రావచ్చు. తోశారా, తనే దాటాడా? రిఫరీ ఏమన్నా, వాడికి తెలుసు. ఇంటికెళ్లేటప్పుడు కారులో తల్లి అడిగితే ఏం చెబుతాడో అక్కడి నుంచి రాసి పంపు.