కాకినాడ లెక్క కర్నూలుకు సరిపోదు

ప్రశ్న: ఏడేళ్లు కాకినాడలో ఉండి, రెండేళ్ల క్రితం కర్నూలులోని సొంతింటికి వచ్చాం. నేను టీచర్‌ని, మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరికీ కలిపి నెలకు 82 వేలు వస్తాయి, ఇంటి లోను ఈఎంఐ 24 వేలు. అక్కడి నుంచి తెచ్చుకున్న తొమ్మిదేళ్ల ఏసీకి ఏటా గ్యాస్ పట్టించాల్సి వస్తోంది. కాయిల్ మార్చాలంటే 14 వేలంటున్నారు. ఏసీ వేయని ఫిబ్రవరిలో కరెంటు 180 యూనిట్లు కాలితే, మేలో 480 కాలింది. కాకినాడలో ఉన్న అత్తమామల ఏసీ కూడా పాతదే. ఇక్కడ రెండు, అక్కడ ఒకటి, చలికాలంలో వేడిగాలి కూడా ఇచ్చే ఏసీలు తీసుకుంటే 1,50,000 అవుతుంది. లక్ష రూపాయల చీటీ ఉంది, 20 నెలలకు ఆరు నెలలు కట్టాం. ఇప్పుడు పాడితే 18 వేలు పోయేలా ఉంది. ఎఫ్‌డీలో లక్షన్నర ఉంది. చీటీ పాడమంటారా, నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోమంటారా? కూలర్ మాత్రం వద్దు, కాకినాడలో వాడి విసిగిపోయాం.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. కాకినాడలో కూలర్‌తో మీరు పడ్డ ఇబ్బంది నిజమే. పక్కబట్టలు చెమ్మగిల్లుతాయి, తలగడ ముక్కవాసన వేస్తుంది, ఒళ్లంతా జిడ్డు. కూలర్ చల్లదనమంతా నీరు ఆవిరి కావడంలోనే ఉంది. గాలి నిండా ముందే తేమ ఉంటే నీరు ఇంకెక్కడికి ఆవిరవుతుంది? 35 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం ఎంత మంచి కూలరైనా గాలిని 30 డిగ్రీల కిందికి దించలేదు. అదే కూలర్ 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న కర్నూలు ఎండలో 28 దాకా దించగలదు. మీరు విసిగింది కూలర్‌తో కాదు, కాకినాడ గాలితో. ఆ విసుగును ఇక్కడికి మోసుకొచ్చి దాని మీద లక్ష రూపాయలు పెట్టబోతున్నారు.

మీ బిల్లులే చూద్దాం. మేలో అదనంగా కాలిన 300 యూనిట్లు దాదాపు ఏసీవే. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు 225 యూనిట్ల దాకా చివరి శ్లాబు 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75, అది దాటితే 9.75. అంటే ఆ 300 యూనిట్లకు మీరు కట్టింది సుమారు 2,580 రూపాయలు, మిగతా చార్జీలు కాకుండా. 180 వాట్ల కూలర్ రాత్రికి ఎనిమిది గంటలు తిరిగితే నెలకు 43 యూనిట్లు. మొత్తం 223 అవుతుంది, 225 దాటదు. ఖర్చు 260 రూపాయలు.

పాతది తీసి కొత్త ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ పెడితే గంటకు 0.4 యూనిట్ దాకా మిగులుతుందని నా అంచనా. ఏసీ స్టిక్కర్ మీద రాసే ఏడాది కరెంటు 1600 గంటల వాడకానికి వేసిన లెక్క. కర్నూలులో మీరు వాడేది మూడు నెలలు, రాత్రిపూట, అంటే 720 గంటలు. ఏడాదికి 2,900 రూపాయలు కూడా మిగలదు, ఏసీకి పెట్టే 45 వేలు తిరిగి రావడానికి పదిహేనేళ్లు దాటుతుంది. కాకినాడలో పెద్దవాళ్లిద్దరూ పగలూ రాత్రీ కలిపి పన్నెండు గంటలు, మార్చి నుంచి అక్టోబరు దాకా వాడతారు. అది 2,880 గంటలు. ఏడాదికి తొమ్మిది వేలకు పైగా మిగులుతుంది, ఐదేళ్లలో పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. కొత్త ఏసీ ఒక్కటే కొనండి, అది కాకినాడలో పెట్టండి.

అక్కడ కొనేటప్పుడు రాగి కాయిల్, పూత ఉన్న రేకులు అడగండి. మీ పాత ఏసీ ఔట్‌డోర్ యూనిట్ వెనకున్న పల్చటి రేకుల మీద ఒకసారి వేలు రాసి చూడండి. తెల్లపొడి అంటితే అది దుమ్ము కాకపోవచ్చు. రాగి గొట్టం, అల్యూమినియం రేకు ఆనుకున్న చోట ఉప్పు చెమ్మ చేరితే ముందు అల్యూమినియమే పొడిపొడి అవుతుంది. అందుకే అక్కడ ఔట్‌డోర్ యూనిట్ సముద్రపు గాలి నేరుగా తగలని గోడకు, సజ్జ కింద బిగించాలి. మూడు నెలలకోసారి కరెంటు ఆపి మంచినీళ్లతో మెల్లగా కడిగించాలి. నీళ్లు పోయే పైపులో పాచి పట్టకుండా చూడాలి. 26 డిగ్రీలు పెట్టి ఫ్యాన్ తిప్పితే చాలు, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుంది.

మీ దగ్గరున్న తొమ్మిదేళ్ల ఏసీకి 14 వేలు పెట్టకండి. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా ఏటా గ్యాస్ పట్టించడం చిల్లుబిందెలో నీళ్లు పోయడమే. పాత సామాన్లకు ఇచ్చేయండి, రాగికి మంచి ధరే ఉంది.

ఇక్కడ ముందు మిద్దె సంగతి చూడండి. ఏప్రిల్‌లో రాత్రి తొమ్మిదింటికి మంచమెక్కి పైకప్పుకు అరచెయ్యి ఆనించండి, ఇంకా చురుక్కుమంటుంది. మా ఇంట్లో ఏటా ఉగాదికి ముందే సున్నంలో జిగురు కలిపి మిద్దె మీద రెండు పూతలు వేయిస్తాను. మీకు ఐదు వేలు దాటదు. గదిలో రెండు మూడు డిగ్రీల తేడా తెలుస్తుంది. ఆపైన పది వేలలో వట్టివేళ్ల ప్యాడ్లున్న కూలర్ తీసుకుని కిటికీలో బిగించండి, ఎదురు కిటికీ కాస్త తెరిచి ఉంచండి. గది మూసేసి కూలర్ వేస్తే కర్నూలూ కాకినాడే అవుతుంది. రాత్రికి రెండు మూడు బిందెల నీళ్లు తాగుతుంది, ఎండాకాలంలో మనకు అది చిన్న విషయం కాదు. బోరు నీళ్లయితే ప్యాడ్లకు తెల్లటి పెచ్చు కడుతుంది. వారానికోసారి టబ్బు ఖాళీ చేసి ఆరబెట్టాలి, లేదంటే దోమలు. వానలు పడ్డాక ఫ్యానే గతి. అప్పటికీ పిల్లల గదికి ఏసీ కావాలనిపిస్తే వచ్చే ఏడాది ఒక టన్నుది చూద్దాం. వేడిగాలి ఇచ్చే రకం వద్దు. కర్నూలు చలికి దుప్పటి చాలు, కాకినాడకు అదీ ఎక్కువే.

మొత్తం 65 వేలలో తేలుతుంది. చీటీ పాడకండి. అందులో కమీషన్ 5 వేలు పోతే చివరి నెలలో 95 వేలు వస్తుంది, ఇప్పుడైతే 77 వేలు. పద్నాలుగు నెలలు ముందు తీసుకున్నందుకు 18 వేలు, అంటే నూటికి నెలకు రూపాయిన్నరకు పైనే వడ్డీ. నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడతాయి, నగదుకిచ్చే తగ్గింపూ పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ ధర మీద నగదు రేటు అడగండి. సున్నం, కూలర్ ఈ నెల జీతంలోంచి తీయండి. కాకినాడ ఏసీకి, బిగింపుకు, స్టెబిలైజర్‌కు 50 వేలు ఎఫ్‌డీలోంచి తీసి, నెలకు ఐదు వేల చొప్పున మళ్లీ నింపండి. ముందే తీస్తే బ్యాంకు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వడ్డీ కోస్తుంది, అంతే.

ఏసీ బిగించే రోజు మీవారిని కాకినాడ వెళ్లమనండి, ఔట్‌డోర్ ఏ గోడకు పెట్టాలో దగ్గరుండి చెప్పాలి. ఇంకో సంగతి. బిల్లు ఎక్కువొస్తుందని పెద్దవాళ్లు ఏసీ ఆపేసి, ఉక్కపోతలో విసనకర్ర పట్టుకుని కూర్చుంటారు. వాళ్ల కరెంటు బిల్లు మీ ఫోన్‌కే వచ్చేలా పెట్టుకుని మీరే కట్టేయండి.