మాల తీసిన మర్నాడు

అమ్మలూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయనకి రోజుకో హాఫ్ అయిపోతోందనీ, పొద్దున్నే చేతులు వణుకుతున్నాయనీ, ఈసారి కార్తీకంలో అయ్యప్ప మాల వేయిస్తే మానేస్తాడని మీ అత్తగారు అంటున్నారనీ రాశావు. మాల మంచిదే. కాకపోతే మాల వేసే ముందు వారం, తీశాక వచ్చే మూడు నెలలు, ఈ రెండిటి సంగతీ మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

ముందు లెక్క చూడు. హాఫ్ అంటే 375 మిల్లీలీటర్లు, బ్రాందీ అయినా విస్కీ అయినా అందులో 42.8 శాతం ఆల్కహాల్. అంటే రోజుకి 125 గ్రాముల పైనే లోపలికి పోతోంది. కాలేయం మామూలుగా గంటకి ఎనిమిది, పది గ్రాములే ఖర్చు చేస్తుంది. రాత్రి పదింటికి ముగించింది మర్నాడు పొద్దెక్కినా పూర్తిగా దిగకపోవచ్చు. స్నానం చేసి విభూతి పెట్టుకుని బయల్దేరినా పొద్దున బండి తాళం ఇవ్వకూడనిది ఇందుకే.

ఇంత అలవాటున్న మనిషి ఒక్కరోజులో ఆపేస్తే ప్రాణం మీదకొస్తుంది. మందు మెదడుకి బ్రేకు లాంటిది. బ్రేకు ఏళ్ల తరబడి పడి ఉంటే మెదడు బండి నడవడానికి ఎక్సలేటరు తొక్కడం మరుగుతుంది. బ్రేకు ఒక్కసారి తీసేస్తే తొక్కుడు మాత్రం ఆగదు. ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, వాంతి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి గోడల మీద పురుగులు కనిపిస్తాయి, ఎవరో పిలుస్తున్నారంటారు, కన్నపిల్లల్ని గుర్తుపట్టరు. దాన్ని ఊళ్లో గాలి అంటారు, మాలలో ఉంటే స్వామి పరీక్ష అంటారు. గాలీ కాదు, పరీక్షా కాదు. వైద్యం అందకపోతే మనిషి పోయే జబ్బు అది. దానికి తోడు దీక్షలో ఒంటిపూట భోజనం, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం. కాలవలో ఒంటరిగా మునుగుతున్నప్పుడు ఫిట్స్ వస్తే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

అందుకని మాలకి పది రోజుల ముందే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లు. హైదరాబాదు వైపు వాళ్లకి ఎర్రగడ్డ, విశాఖ వైపు వాళ్లకి చినవాల్తేరు ఉన్నాయి. పిచ్చాసుపత్రి అని మీ మామగారు ముఖం చిట్లిస్తే చిట్లించనీ. అక్కడ అయిదు నుంచి ఏడు రోజులు లోరాజెపామ్ లాంటి మందు మొదట ఎక్కువిచ్చి, రోజూ కొంచెం కొంచెం తగ్గిస్తూ దింపుతారు. ఆ మాత్రలే మెడికల్ షాపులో కొని ఇంట్లో ఇవ్వాలని చూడకు. వాటి మీద ఒక్క క్వార్టర్ పడినా ఊపిరి ఆగిపోవచ్చు.

డాక్టరుకి చెప్పాల్సినవి కాగితం మీద రాసుకుని వెళ్లు. రోజుకి ఎంత, ఎన్నేళ్లుగా, ఆఖరి చుక్క ఎన్నింటికి, ఇదివరకు ఎప్పుడైనా మానితే ఏం జరిగింది, ఫిట్స్ వచ్చాయా, తలకి దెబ్బ తగిలిందా, కామెర్లు, షుగరు, వేసుకునే మాత్రలు. భర్త పరువని సగం తగ్గించి చెప్పే ఆడవాళ్లే ఎక్కువ. సగం చెబితే మందూ సగమే పడుతుంది.

ఇంకో సంగతి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజ్ బాటిల్ ఎక్కించకు. రోజూ తాగేవాళ్లలో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. దాన్ని ముందు ఇవ్వకుండా గ్లూకోజ్ పెడితే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి నడక తూలడం, చూపు రెండుగా కనపడడం, జ్ఞాపకం పోవడం దాకా వెళ్లవచ్చు. ఆసుపత్రిలో కూడా "బి1 ఇచ్చారాండీ" అని ఒక మాట అడిగితే తప్పు లేదు.

సాంబారులో కలపమని ఎవరో పొడి పొట్లం అమ్మజూపారన్నావు. వద్దు. అలాంటి వాటిలో ఏముంటుందో అమ్మేవాడికీ తెలియదు. డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, దాని మీద తాగినప్పుడు ముఖం ఎర్రబారి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ఆ మందు నిజంగానే ఉంది, పనీ చేస్తుంది, కానీ కాలేయం, గుండె పరీక్షలు చేశాక, అతను ఒప్పుకుని, తెలిసి వేసుకోవాలి. ఆపేసిన రెండు వారాల దాకా ఒంట్లో ప్రభావం ఉంటుంది. ఆల్కహాల్ ఉండే ద్రాక్షారిష్టం, కొన్ని దగ్గు సిరప్‌లు కూడా దానికి పడవు. యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వేరు. అతనికి ఏది సరిపోతుందో డాక్టరుని అడుగు.

ఇక ఆసుపత్రికి ఎలా ఒప్పించడం? తాగి ఉన్నప్పుడు ఒక్క మాట అనకు, అది గోడకి చెప్పడమే. పదిమందిని కూర్చోబెట్టి పంచాయితీ కూడా పెట్టకు. మగవాడు అందరి ముందూ ఒట్టేస్తాడు, సందు తిరగగానే దుకాణం కనపడుతుంది. ఉదయం టిఫిన్ అయ్యాక, పిల్లలు బడికి వెళ్లాక, రెండు నిమిషాల్లో చెప్పు. "నువ్వు తాగుబోతువి" అనకుండా చూసినదే చెప్పు: "మొన్న పాప ఫీజు డబ్బు లేదు. నిన్న గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది. నాకు భయంగా ఉంది. బుధవారం ఓపీకి వెళదాం, నేనూ వస్తాను." అంతే, లేచి పనిలో పడు. కాదంటే నాలుగు రోజులాగి మళ్లీ అదే మాట. నీకంటే గురుస్వామి మాట బాగా పనిచేస్తుంది. అత్తగారిని వెంటబెట్టుకుని ముందే వెళ్లి, "ఆసుపత్రి నుంచి వచ్చాకే మాల వేస్తానని మీరే చెప్పండి" అని అడుగు. ఆయన ఈ పాటికి పడిపోయిన స్వాముల్ని చూసే ఉంటారు, కాదనరు.

ఆ తర్వాత నలభై ఒక్క రోజులూ దాదాపు సాఫీగానే గడుస్తాయి. ఎందుకు గడుస్తాయో గమనించు, నీకు పనికొచ్చేది అదే. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పూజ, భజన, ఎవరింట్లోనో పడిపూజ. పాత జట్టు దగ్గరికి రాదు. నిన్నటిదాకా "ఏరా" అన్నవాళ్లు "స్వామీ" అంటారు. మాల తీయగానే ఈ మూడూ ఒకేసారి పోతాయి. పైగా నవంబరు మధ్యలో వేసిన మాల మండల పూజ నాటికి, అంటే డిసెంబరు 26, 27 ప్రాంతంలో దిగుతుంది. నాలుగు రోజులకే డిసెంబరు 31 రాత్రి, ఇంకో రెండు వారాలకి సంక్రాంతి. ఇన్ని రోజుల బాకీ తీర్చుకుందామని జట్టు కాచుకుని కూర్చుంటుంది.

కాబట్టి డిసెంబరు 31కి ఊళ్లో ఉండకండి. సంక్రాంతికి పుట్టింటికి రండి, ఇక్కడ మీ పెదనాన్న చుక్క ముట్టరు. సాయంత్రాలకి ముందే ఒక ఏర్పాటు ఉండాలి. హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలు జరుగుతాయి, ఫీజు ఉండదు, పేరు బయటికి రాదు. మొదటి మూడు నెలలు వీలైనన్ని సాయంత్రాలు వెళ్లమను. ఆరింటికల్లా కడుపులో ఏదో ఒకటి పడాలి. ఆకలి, కోపం, అలసట, ఒంటరితనం, వీటిలో ఏ రెండు కలిసినా కాళ్లు దుకాణం వైపే లాగుతాయి. యావ అలలా వచ్చి అరగంటలోపు తగ్గుతుంది, ఆ కాసేపు నడకో, బెల్లం ముక్కో, ఫోనో. మందులు డాక్టరు ఆపమనేదాకా నడవాలి, కొందరికి ఏడాది పడుతుంది. జీతం రోజున ఏటీఎం కార్డు నీ దగ్గర ఉండేలా అతనితోనే అనిపించు. లాక్కున్న కార్డు యుద్ధమే తెస్తుంది.

ఒకరోజు జారాడనుకో. ఇల్లు కూలినట్టు ఏడవకు, మర్నాడే డాక్టరుకి ఫోన్ చేయించు. కానీ మళ్లీ వరసగా పది రోజులు తాగితే మాత్రం ఇంట్లో ఆపించకు. ప్రతి మానుడూ ముందటి దానికంటే మెదడుకి గట్టిగా తగలవచ్చు.

నువ్వు ఈ రోజు నుంచే మానాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరమని చెప్పడం, బెల్టు షాపు బాకీ కట్టడం, జేబులు వెతకడం. సీసా పారబోయడం కూడా, ఇంకోటి అప్పు మీద వస్తుంది. దేనికీ ష్యూరిటీ సంతకం పెట్టకు. డ్వాక్రా పొదుపు, నీ బంగారం నీ పేరునే, వేరే చోట ఉండనీ. పిల్లలకి "నాన్నకి జబ్బు, మీ వల్ల వచ్చింది కాదు" అని చెప్పు. నిద్రపోతున్నాడని వాళ్లకి అబద్ధం చెప్పకు, వాళ్లకి అన్నీ తెలుసు.

స్పృహ లేకుండా పడిపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టు, మజ్జిగ, కాఫీ నోట్లో పోయకు. లేపితే లేవకపోయినా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటినా, రక్తం కక్కినా 108.

నీ ఉత్తరంలో ఒక వాక్యం కొట్టేశావు, అయినా కనపడింది. అనుమానం మొదలైందని. ఎన్నేళ్లుగానో తాగేవాళ్లలో అది వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకు. ఆధార్, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, కాస్త డబ్బు ఒక సంచిలో పెట్టి పక్కింటి వాళ్ల దగ్గర ఉంచు. చెయ్యెత్తితే 112, మహిళల సాయానికి 181. 2005 గృహహింస చట్టం కింద కోర్టు నీకు ఆ ఇంట్లోనే ఉండే హక్కు ఇప్పించగలదు, నువ్వే బయటికి నడవక్కర్లేదు. నిద్ర పట్టని రాత్రి 14416కి చెయ్యి, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. అతని కోసం కాకపోయినా నీ కోసం చెయ్యి.

గురుస్వామి దగ్గరికి శనివారం లోపే వెళ్లు, కార్తీకం దగ్గర పడ్డాక ఆయన దొరకరు. ఏమన్నారో రాయి.

మీ పెద్దమ్మ