బతుకమ్మ ఆట తిరుగుతున్నట్టు రావాలంటే షట్టర్ ఎంత పెట్టాలె?

తమ్మీ, 50 ఎంఎం లెన్స్‌తోని ఎఫ్ 1.8 (లెన్స్ తెరుచుకునే సైజు, నంబర్ చిన్నదైతే ఎక్కువ తెరుచుకుంటది), ఐఎస్ఓ 400 (కెమెరా వెలుతురును ఎంత పట్టుకుంటదో ఆ నంబర్) పెట్టి తీస్తే షట్టర్, అంటే వెలుతురు లోపలికొచ్చే టైమ్, సెకనుల 1/250 వంతు వచ్చింది, ఆడోళ్లందరూ నిలబడ్డట్టే ఉన్నరు అన్నవ్ కదా. 1.8 ల లెన్స్ మొత్తం తెరుచుకొని వెలుతురు బాగ గుంజుకుంటది, గందుకే షట్టర్ అంత స్పీడ్ అయింది. నీకు కావాల్సింది దానికి ఉల్టా, షట్టర్ మెల్లగ ఉండాలె.

నేను మొదటి ఏడాది హన్మకొండ పద్మాక్షి గుట్ట కాడ చేతులనే పట్టుకొని 1/4 సెకను పెట్టి తీసిన, చీరెలతోపాటు పూలు సుత ఊగిపోయినయ్, మస్తు బాధయింది. తర్వాత సమజైంది ఏందంటే ఫొటోల ఏదో ఒకటి కదలకుంట ఉండాలె, అది ఉంటెనే మిగిలింది తిరుగుతున్నట్టు కొడ్తది. మన ఆటల అది ముందుగాల్నే ఉంది, నడుమ పెట్టిన బతుకమ్మలు! అవి కదలయ్, చుట్టూ ఆడోళ్లు వంగుకుంట చప్పట్లు కొట్టుకుంట తిరుగుతరు, ట్రైపాడ్ మీద 1/4 పెడితే తంగేడు గునుగు పూలు ఒక్కొక్కటి కనబడ్తయ్, చీరెల రంగులు వాటి చుట్టూ పారినట్టొస్తయ్. 1 సెకను పెడితే మనుషులే మాయమైతరు, నాకైతే నచ్చలే, చేతులు కొంచెమన్న ఆనాలె.

పొద్దుగూకినంక లైట్లు పడ్డప్పుడు ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 1/4 తోని మొదలువెట్టు. నీ లెక్కకు కూడ దగ్గరనే, 1.8 నుంచి 8కి నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమైతది) పైన, ఐఎస్ఓల రెండు, మొత్తం ఆరు, 1/250 నుంచి 1/4కి షట్టర్ టైమ్ పెరిగేది కూడ ఆరే. ఎఫ్ 8 తోని ముందు బతుకమ్మ నుంచి ఎనకదాని దాక ఫోకస్ ఉంటది. 1.8 ఊకె వద్దనను, ఒక్క బతుకమ్మను దగ్గరికి పోయి తీసేటప్పుడు దానంత మంచిది లేదు, ఎనకాల లైట్లన్ని గుండ్రంగ మెత్తగ అయితయ్.

బొగత జలపాతం కాడ కూడ ఇదే సూత్రం, అక్కడ కదలనియి బండలు. కాకపోతే పగలు వెలుతురెక్కువ, మబ్బు పట్టిన నాడు కూడ ఎఫ్ 11 కి 1/15 దాక్నే వస్తది, ఎన్‌డీ 8 ఫిల్టర్ (వెలుతురును ఎనిమిదో వంతుకు తగ్గించే నల్ల అద్దం) లెన్స్ ముందు పెడితే 1/2 సెకను అయి నీళ్లు పాల లెక్క వస్తయ్.

ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్స్‌ల స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సరిచేసేది) ఉంటే బంద్ చెయ్, 2 సెకన్ల టైమర్ పెట్టు. ఆడేటోళ్లను ఒక మాట అడుగు, మొకం మీద ఫ్లాష్ కొట్టకు. ఎంగిలిపూల నాడే మీ వాడకట్టుల పోయి ప్రాక్టీస్ చెయ్, సద్దుల నాడు ఆ జనంల ట్రైపాడ్ పెట్ట జాగ దొరకది.