వైకల్య పింఛను తిరస్కరణ: ముందు కారణం చదవండి, తర్వాత అప్పీలు రాయండి

ప్రశ్న: సైన్యంలో 22 ఏళ్లు పనిచేసి 2023 ఆరంభంలో హవల్దారుగా రిటైరయ్యాను. రక్తపోటుకు రిలీజ్ మెడికల్ బోర్డు (విడుదలకు ముందు పరీక్షించే వైద్య బృందం) 30 శాతం వైకల్యం ఇచ్చింది గానీ, అది సర్వీసు వల్ల వచ్చినది కాదంటూ పింఛను తిరస్కరిస్తూ నాలుగు నెలల క్రితం లేఖ పంపారు. బకాయిల్లో నాలుగో వంతు ఇస్తే పని చేయించి పెడతానని ఒకరు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: ఒప్పుకోవద్దు. మొదటి అప్పీలు మీరే రాసుకోవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సాయం కూడా తీసుకోవచ్చు. తిరస్కరణ లేఖ అందిన ఆరు నెలల్లోగా అప్పీలు చేరాలి కనుక మీకు మిగిలింది రెండు నెలలే.

పింఛనుకు కావాల్సిన కనీస 20 శాతం వైకల్యం మీకు ఎలాగూ ఉంది కాబట్టి, పేచీ అంతా జబ్బుకూ సర్వీసుకూ ఉన్న సంబంధం దగ్గరే. రికార్డ్ ఆఫీసు నుంచి మెడికల్ బోర్డు పత్రాల నకలు తెప్పించుకుని, కారణం రాసిన గడి చూడండి. చాలాసార్లు అక్కడ 'శాంతి ప్రాంతంలో (అంటే పోరాట విధులు లేని చోట) మొదలైంది' అన్న ఒక్క ముక్కే కనిపిస్తుంది. చేరేనాటి వైద్య పరీక్షలో ఆ జబ్బు నమోదు కాకపోతే అది సర్వీసులో వచ్చినట్టే భావించాలనీ, కాదని నిరూపించే బాధ్యత సైన్యానిదేననీ, బోర్డు కారణాలు రాయాలనీ 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హతా నిబంధనలు వచ్చినా, మీరు అంతకు ముందే విడుదలయ్యారు కనుక అవి మీకు వర్తించవు. ఎత్తయిన ప్రాంతాల్లో, ఉగ్రవాద వ్యతిరేక విధుల్లో ఎప్పుడెప్పుడు ఉన్నారో తేదీలతో సహా అప్పీలులో రాయండి.

ఇక డబ్బు సంగతి. నూరు శాతం వైకల్యానికి చివరి వేతనంలో 30 శాతం ఇస్తారు. ఆ వేతనం 40,000 రూపాయలనుకుంటే, 30 శాతం వైకల్యానికి నెలకు 3,600 వస్తుంది. 2014 నాటి సుప్రీంకోర్టు రామ్ అవతార్ తీర్పు ప్రకారం వైకల్యాన్ని 50 శాతంగా లెక్కిస్తే 6,000 అవుతుంది. ఈ పెంపును కూడా అప్పీలులోనే అడగండి. ఆ లెక్కన మూడేళ్ల బకాయి 2,16,000 రూపాయలు. ఆ మధ్యవర్తి అడుగుతున్నది అందులో 54,000. ఒక్క అర్జీకి ఇంత ధరా?

మొదటి అప్పీలు వీగిపోతే రెండో అప్పీలు, ఆపైన సైనికుల సర్వీసు వివాదాలు విచారించే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నాయి. అప్పీలుపై ఆరు నెలలు గడిచినా ఉత్తర్వు రాకపోతే, ఇక వేచి చూడకుండా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వకీలుకు ఫీజు ఇవ్వాల్సిన దశ అదే. ఈ సొమ్ము చేతికందేదాకా దీన్ని నమ్ముకుని కొత్త అప్పు చేయకండి. అప్పీలును స్పీడ్ పోస్టులో పంపి, రసీదును బోర్డు పత్రాలతో కలిపి దాచండి.