38 లైన్లు ఎక్కిస్తే 38 బీఓఎంలు!

ప్రశ్న: మాది అనంతపురం. బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలిచే మిషన్లు చేస్తాం. ఏ మిషన్‌కు ఏ సామాను ఎంత పడుతుందో ఇన్నాళ్లూ నోటుబుక్కులో రాసుకునేవాళ్లం. ఈమధ్యే స్టాకు, తయారీ లెక్కలు చూసే ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం. 38 సామాన్ల బీఓఎంను (బిల్ ఆఫ్ మెటీరియల్స్, అంటే ఒక మిషన్‌కు పట్టే సామాన్ల లిస్టు) ఎక్సెల్‌లో కొట్టి అప్‌లోడ్ చేస్తే ఒక్కటి రావాల్సింది 38 వచ్చాయి. చేత్తో ఎక్కించి సబ్మిట్ చేసిన ఇంకో బీఓఎంలో వేరే కన్నం సైజు జల్లెడ పెడదామంటే మార్చనివ్వడం లేదు. ఏం చేయాలి?

జవాబు: టెన్షన్ పడకండి. ఆ 38 డ్రాఫ్టులుగానే ఉంటే అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టండి. సబ్మిట్ అయిపోయి, అంటే ఖాయమైపోయి ఉంటే ముందు క్యాన్సిల్ చేయాలి.

మిషన్ పేరు, ఎన్ని మిషన్లకు అన్న గడులను మీరు ప్రతి లైనులోనూ నింపి ఉంటారు. ఎక్సెల్ అలవాటున్న చేతికి ఖాళీ గడి కనిపిస్తే ఊరుకోదు, పైనుంచి కిందికి లాగేస్తుంది. ఇక్కడ అలా లాగకూడదు. మిషన్‌కు సంబంధించిన గడులు మొదటి లైనులో మాత్రమే నింపాలి. మిగతా 37 లైన్లలో అవి ఖాళీగా ఉంటేనే, ఆ సామాన్లన్నీ పై మిషన్‌వే అని సాఫ్ట్‌వేర్‌కు అర్థమవుతుంది. మళ్లీ పేరు కనబడితే ఇంకో బీఓఎం మొదలైందనుకుంటుంది.

ఎక్కించే వరుస కూడా చూసుకోండి. ముందు ఐటమ్‌లు (విడి సామాన్లు), తర్వాత డ్రమ్ము, ఫ్యాన్ లాంటి చిన్న అసెంబ్లీల బీఓఎంలు, చివరగా మిషన్‌ది. తలకిందులుగా వెళ్తే ఎర్ర అక్షరాలు తప్పవు.

అసలు దెబ్బ యూనిట్ల దగ్గర తగులుతుంది. నేనూ తిన్నాను. ఒక షెడ్డు వాళ్లకు సాయం చేస్తూ 50 బై 50 బై 6 మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్ దగ్గర మేస్త్రీ చెప్పినట్టే 7 అని కొట్టాను. ఆయన చెప్పింది అడుగులు, ఐటమ్‌లో ఉన్నది కిలోలు. ఆ సైజు యాంగిల్ మీటరుకు 4.5 కిలోలు తూగుతుంది. 7 అడుగులంటే 2.13 మీటర్లు, అంటే దాదాపు 9.6 కిలోలు. స్క్రీన్ మీద స్టాకు ఉన్నట్టే కనిపించింది, షెడ్డులో ఇనుము అయిపోయింది. కిలోల్లో కొని నంబర్లలో వాడే నట్లు బోల్టులదీ ఇదే కథ. ఐటమ్ పేజీలో యూనిట్ల మార్పిడి లెక్క ఒక్కసారి రాసి పెడితే ఈ బాధ ఉండదు.

ఇక జల్లెడ. సబ్మిట్ చేసిన బీఓఎంను మార్చనివ్వకపోవడం లోపం కాదు, కావాలనే అలా పెట్టారు. పాతదాన్ని డూప్లికేట్ చేసి, అందులో జల్లెడ మార్చి, సబ్మిట్ చేసి, కొత్తదాన్నే డిఫాల్ట్ చేయండి, ఇకపై అదే వాడుకుంటుంది. పాతదాన్ని ఉండనివ్వండి. రెండేళ్ల తర్వాత ఉరవకొండ నుంచి ఒక రైతు వచ్చి ‘మీ దగ్గరే కొన్నా, జల్లెడ పోయింది’ అంటే ఆ మిషన్‌కు పట్టేది ఏదో చెప్పేది ఆ పాత బీఓఎమే.

జల్లెడకు కొత్త ఐటమ్ నంబరు కావాలా అంటారేమో. కొత్త జల్లెడ పాత మిషన్‌లో పెట్టినా తేడా లేకుండా పనిచేస్తే నంబరు అదే ఉంచి రివిజన్ పెంచుకోవచ్చు. కన్నం సైజు మారిందంటే పప్పు నలిగే తీరే మారుతుంది కాబట్టి మీ విషయంలో కొత్త నంబరే సరి.

డ్రమ్ము బీఓఎం మారి, అది నాలుగు మోడళ్లలో ఉంటే ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు. బీఓఎం అప్‌డేట్ టూల్‌లో పాతది, కొత్తది ఇస్తే అన్నిచోట్లా మారుస్తుంది. అన్నిచోట్లా అంటే నిజంగానే అన్నిచోట్లా, ఒక మోడల్‌కు పాత డ్రమ్మే ఉంచాలనుకుంటే దీని జోలికి పోవద్దు. షెడ్డులో ఇప్పటికే నడుస్తున్న వర్క్ ఆర్డర్లు పాత బీఓఎం మీదే ఉంటాయి, వాటిని విడిగా చూసుకోవాలి.

ప్రశ్న: తాడిపత్రిలో నాపరాళ్లు కోసే మిషన్లు చేస్తాం. సీఎస్‌వీ ఫైలు తెరిచి సేవ్ చేస్తే 0045 అన్న పార్టు నంబరు 45 అవుతోంది. 12-8 అన్నది తేదీ అయిపోతోంది.

జవాబు: ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరవడం మానేయండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్’ ద్వారా తెచ్చుకుని, పార్టు నంబరు కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. కొత్త ఎక్సెల్‌లో అయితే ఆప్షన్స్‌లోని డేటా విభాగంలో ఈ మార్పిడిని ఆపేసే వీలుంది. ఈ తేదీల గొడవ మీ ఒక్కరిదే కాదు. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మారుస్తోందని చివరికి శాస్త్రవేత్తలే 2020లో కొన్ని పేర్లు మార్చుకున్నారు, మార్చ్1 అన్నది మార్చ్‌ఎఫ్1 అయింది. మీరూ నంబరు ముందు ఒక అక్షరం తగిలించండి, గొడవ వదిలిపోతుంది.

ప్రశ్న: గుంతకల్లు నుంచి. డబ్బు పెట్టకుండా డిజైన్ నుంచే సామాన్ల లిస్టు తీయొచ్చా?

జవాబు: తీయొచ్చు. ఫ్రీక్యాడ్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉంది. 2024 నవంబరులో వచ్చిన దాని 1.0 వెర్షన్‌లో భాగాలను జోడించే అసెంబ్లీ వర్క్‌బెంచ్ కూడా ఉంది, బీఓఎం అందులోనే తయారవుతుంది. కానీ మీరు గీసినవే లిస్టులోకి వస్తాయి. వెల్డింగ్ రాడ్లు, గ్రీజు ఎవరూ గీయరు కదా, అవి చేత్తో కలపాలి. పెయింటు ఎన్ని లీటర్లు పడుతుందో మీ పెయింటర్‌నే అడగండి.