బెంచ్ మీద కూర్చునే ఔట్‌ఫీల్డర్ కోసం ట్రేడ్ దేనికి? అది మంచి బేరమో కాదో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇదీ: కొట్టేది .230 (వెయ్యి ప్రయత్నాలకు 230 హిట్లు), వారానికి రెండు మ్యాచులు ఆడితే గొప్ప, అలాంటి ఔట్‌ఫీల్డర్ (మైదానం వెనక భాగం కాసేవాడు) కోసం జట్టు బంతి వేసే ఒక కుర్ర పిచర్‌ని వదులుకోవడం ఏమిటి? మైనర్స్‌లో (కింది స్థాయి లీగ్‌లలో) దంచుతున్న మన కుర్రాణ్నే పైకి తెచ్చుకోవచ్చు కదా? మేజర్ లీగ్ బేస్‌బాల్ కొత్తగా చూస్తున్న మన వాళ్లందరికీ వచ్చే అనుమానమే ఇది. రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) లెక్కలు ఎన్నో సీజన్లుగా రోజూ చూస్తున్నవాడిగా చెబుతున్నాను: బ్యాకప్ ఔట్‌ఫీల్డర్‌ని బ్యాటింగ్ యావరేజీతో తూచకండి. అతను రోస్టర్‌లో ఏ ఖాళీ పూడుస్తున్నాడో చూడండి.

ముందు లెక్క. యాక్టివ్ రోస్టర్‌లో, అంటే మ్యాచ్‌కి అందుబాటులో ఉండే జాబితాలో, 26 మంది. అందులో పిచర్లు 13 మందికి మించకూడదు. అన్ని జట్లూ ఆ 13 వాడేసుకుంటాయి కాబట్టి బ్యాటర్లకు మిగిలేది 13. ఎనిమిది మంది ఫీల్డర్లు, ఒక డిజిగ్నేటెడ్ హిట్టర్ (డీహెచ్, ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు), వెరసి తొమ్మిది మంది రోజూ ఆడతారు. ఇక బెంచ్ మీద నలుగురు. వాళ్లలో ఒకడు రెండో క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని పిచర్ బంతిని అందుకునేవాడు). మొదటి క్యాచర్‌కి దెబ్బ తగిలితే ఇంకెవరూ ఉండరు కనుక మేనేజర్ ఇతన్ని చివరిదాకా కదిలించడు. ఇంకొకడు షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య చోటు) ఆడగలిగిన ఇన్‌ఫీల్డర్. నిజంగా చేతిలో ఉండేవి రెండే సీట్లు, అందులో ఒకటి ఔట్‌ఫీల్డర్‌కి వెళ్లాల్సిందే. పైగా ఒకసారి మ్యాచ్ నుంచి బయటకు వచ్చినవాడు ఆ మ్యాచులో మళ్లీ లోపలికి వెళ్లలేడు. కాబట్టి ఆ ఒక్క సీటులో కూర్చున్నవాడు ఎన్ని రకాల పనులు చేయగలడన్నదే అతని ధర.

అన్నిటికంటే ముందు చూడాల్సింది సెంటర్ ఫీల్డ్ (ఔట్‌ఫీల్డ్ మధ్య భాగం, దానికి అటూ ఇటూ లెఫ్ట్, రైట్ మూలలు) ఆడగలడా అన్నది. ఆరో ఇన్నింగ్స్‌లో సెంటర్ ఫీల్డర్ తొడ కండరం పట్టేసిందనుకోండి. బెంచ్ మీదున్నవాడు లెఫ్ట్ ఫీల్డ్ మాత్రమే ఆడగలిగితే, రైట్ ఫీల్డర్‌ని మధ్యకు జరిపి, కొత్తవాణ్ని మూలకు పంపి, రెండు చోట్ల ఫీల్డింగ్ పాడు చేసుకోవాలి. సెంటర్ ఆడగలిగినవాడైతే ఒక్క మార్పుతో సరిపోతుంది. సెంటర్ ఆడేవాడు మూలల్లో ఎక్కడైనా ఆడతాడు, మూల ఆడేవాడు సెంటర్ ఆడలేడు. అందుకే బాగా కొట్టే కార్నర్ ఔట్‌ఫీల్డర్ కంటే ఓ మోస్తరుగా కొట్టే సెంటర్ ఫీల్డర్‌ని బెంచ్ మీద పెట్టుకోవడానికి జట్లు ఇష్టపడతాయి. బేస్‌బాల్ సావంట్ అనే గణాంకాల వెబ్‌సైట్‌లో అతని స్ప్రింట్ స్పీడ్, అవుట్స్ అబవ్ యావరేజ్ (సగటు ఫీల్డర్ కంటే ఎన్ని అవుట్లు ఎక్కువ చేశాడన్న లెక్క) చూడండి. స్పీడ్‌లో లీగ్ సగటు సెకనుకు 27 అడుగులు, 30 ఉంటే మెరుపు. ఏడాదికి నూటయాభై సార్లు బ్యాట్ పట్టేవాడి యావరేజీ అదృష్టాన్ని బట్టి ఎటైనా ఊగుతుంది. కాళ్ల వేగం అలా ఊగదు.

తర్వాత చేతి వాటం. మీ ముగ్గురు రెగ్యులర్ ఔట్‌ఫీల్డర్లలో ఇద్దరు ఎడమచేతి బ్యాటర్లయితే నాలుగోవాడు కుడిచేతి వాటం అయి ఉండాలి, ఎడమచేతి పిచర్ల మీద కొట్టగలిగినవాడైతే మరీ మంచిది. 2020 నుంచి బుల్‌పెన్ (మ్యాచ్ మధ్యలో దిగే పిచర్లు, అంటే రిలీవర్ల గుంపు) నుంచి వచ్చిన పిచర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ హాఫ్ ఇన్నింగ్స్ (ఒక జట్టు బ్యాటింగ్ వంతు) ముగించాలి. అంతకుముందు మనం పించ్ హిట్టర్‌ని (ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కి వచ్చేవాణ్ని) దించగానే అవతలి మేనేజర్ పిచర్‌ని మార్చేసేవాడు. ఇప్పుడు అంత తేలిగ్గా తప్పించుకోలేడు. అందుకే ఒకే వాటం పిచర్ల మీద మాత్రమే బాగా కొట్టేవాడికీ విలువ పెరిగింది. మొత్తం యావరేజీ .230 ఉన్నవాడు లెఫ్టీల మీద .280 కొడుతుండవచ్చు. అతన్ని తెచ్చుకునేది ఆ రెండో అంకె కోసం.

వేగం సంగతి. 2023లో బేస్‌ల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, పిచర్ రబ్బర్ (కాలు ఆనించి బంతి వేసే పలక) మీద నుంచి కాలు తీసి పికాఫ్ (బేస్ వదిలిన రన్నర్‌ని ఔట్ చేసేందుకు బంతి విసరడం) ప్రయత్నించడాన్ని ఒక్కో బ్యాటర్‌కి రెండుసార్లకు పరిమితం చేశారు. 2022లో మొత్తం లీగ్‌లో 2,486 స్టీల్స్ (పిచర్ బంతి వేస్తుండగా పరుగెత్తి తర్వాతి బేస్ దొంగిలించడం), 2023లో 3,503. రెగ్యులర్ సీజన్‌లో పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఒక రన్నర్‌తో మొదలుపెడతారు కదా, ఆ రన్నర్ బరువైన క్యాచర్ అయితే అతని బదులు బెంచ్ మీది వేగమైనవాణ్ని నిలబెట్టవచ్చు. ప్లేఆఫ్స్‌లో ఆ రన్నర్ ఉండడు, అయినా పరుగెత్తేవాడి అవసరం తగ్గదు. 2004 జులై 31న బోస్టన్ రెడ్ సాక్స్ డాడ్జర్స్ నుంచి డేవ్ రాబర్ట్స్ అనే ఔట్‌ఫీల్డర్‌ని తెచ్చుకుంది, బదులుగా ఇచ్చింది హెన్రీ స్టాన్లీ అనే మైనర్ లీగ్ ఆటగాణ్ని. ఆ అక్టోబర్‌లో యాంకీస్ చేతిలో 0-3తో వెనకబడి, నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు తక్కువగా ఉన్నప్పుడు కెవిన్ మిల్లర్ వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా దక్కే బేస్) మీద మొదటి బేస్‌కి చేరాడు. అతని స్థానంలో రాబర్ట్స్ వచ్చాడు. ఎదురుగా యాంకీస్ మేటి పిచర్ మరియానో రివేరా. రాబర్ట్స్ దొంగిలించబోతున్నాడని స్టేడియంలో అందరికీ తెలుసు. అయినా రెండో బేస్ దొంగిలించాడు, బిల్ మ్యూలర్ సింగిల్‌తో స్కోరు సమం చేశాడు. ఆ మ్యాచ్, ఆ సిరీస్, ఆ ఏడాది టైటిల్ బోస్టన్‌వే.

ఇక మన కుర్రాణ్ని ఎందుకు తేలేదు అన్న ప్రశ్న. కుర్రాడికి కావాల్సింది రోజూ నాలుగు సార్లు బ్యాట్ పట్టడం. బెంచ్ మీద కూర్చోబెడితే టైమింగ్ పోతుంది, ఎదుగుదల ఆగుతుంది. సర్వీస్ టైమ్ మాట కూడా ఉంది: రోస్టర్ మీద 172 రోజులు ఉంటే ఒక ఏడాది సర్వీసు. ఆరేళ్లు నిండితే ఫ్రీ ఏజెంట్, అంటే ఏ జట్టుకైనా వెళ్లవచ్చు. ఆ రోజుల్ని బెంచ్ మీద ఖర్చుపెట్టడం జట్టుకూ నష్టమే, పిల్లాడికీ నష్టమే. ముప్పై దాటిన అనుభవజ్ఞుడు మూడు రోజులు కూర్చుని నాలుగో రోజు వెళ్లి కొట్టడం అలవాటు చేసుకుని ఉంటాడు. ఆ అలవాటు కూడా ఒక నైపుణ్యమే, ఊరికే రాదు.

అసలు చిక్కుముడి ఆప్షన్ల (కిందికి పంపే హక్కుల) దగ్గర ఉంటుంది. 40 మంది రోస్టర్‌లో (ఆ 26 మందినీ కలుపుకున్న పెద్ద జాబితాలో) చేరిన ఆటగాణ్ని మూడు సీజన్ల పాటు మైనర్స్‌కి స్వేచ్ఛగా పంపవచ్చు, ఒక సీజన్‌లో గరిష్ఠంగా ఐదుసార్లు. అలా పంపిన బ్యాటర్ కనీసం పది రోజులు కిందే ఉండాలి. గాయపడినవాడి స్థానంలో అయితేనే ముందుగా పిలవవచ్చు. మూడు ఆప్షన్లూ అయిపోయినవాణ్ని కిందికి పంపాలంటే వేవర్స్ (మిగతా జట్లకు అతన్ని తీసుకునే అవకాశమిచ్చే పద్ధతి) దాటించాలి. అక్కడ ఏ జట్టయినా ఎత్తుకుపోవచ్చు. మార్చి చివర్లో, సీజన్ మొదలయ్యే ముందు, ఐదో ఔట్‌ఫీల్డర్ల ట్రేడ్లు జరిగేది ఇందుకే. ఒక జట్టులో చోటు దక్కలేదు, ఆప్షన్లు లేవు, వేవర్స్‌లో ఉత్తపుణ్యానికి పోగొట్టుకునే బదులు కాస్త డబ్బుకో, ‘తర్వాత పేరు చెప్పే ఆటగాడి’కో ఇచ్చేస్తారు. ఆ పేరు ఆరు నెలల్లోగా తేల్చాలి.

వచ్చేవాడికి 26లోనే కాదు, 40లో కూడా చోటు కావాలి. ట్రేడ్ వార్త కింద చిన్న అక్షరాల్లో ఇంకొకరిని డీఎఫ్ఏ చేశారని (40 మంది జాబితా నుంచి తప్పించారని) ఉంటుంది చూడండి, ఆ వాక్యమే ముందు చదవండి. డీఎఫ్ఏ చేస్తే ఏడు రోజుల్లోగా అతన్ని ట్రేడ్ చేయాలి, వేవర్స్‌కి పంపాలి, లేదా వదిలేయాలి. మూడేళ్లు సర్వీసు ఉన్నవాడు, లేదా ఇంతకుముందు ఒకసారి వేవర్స్ దాటి మైనర్స్‌కి దిగినవాడు, వేవర్స్ దాటినా మైనర్స్‌కి వెళ్లనని ఫ్రీ ఏజెంట్ కావచ్చు. గాయపడి చాలాకాలం రానివాడు ఎవరైనా ఉంటే 60 రోజుల గాయాల జాబితాలో వేస్తే 40లో చోటు ఖాళీ అవుతుంది. అది కాణీ ఖర్చు లేని దారి. అందుకని ట్రేడ్ ధర అంటే అవతలికి ఇచ్చిన పేరు ఒక్కటే కాదు, చోటు కోసం వదిలేసిన పేరు కూడా.

ఇవన్నీ ఒకేచోట చూడాలంటే 2021 అట్లాంటా బ్రేవ్స్‌ని మించిన పాఠం లేదు. ఆ ఏడాది సెంటర్ ఫీల్డ్‌లో మొదలుపెట్టిన కుర్రాడు క్రిస్టియన్ పాచే .111 దగ్గర ఆగిపోయాడు. ఫిబ్రవరిలో మెట్స్ నుంచి వేవర్స్‌లో తెచ్చుకున్న గిలెర్మో హెరెడియా, అంటే అచ్చమైన బెంచ్ మనిషి, సెంటర్‌లో ఎక్కువగా ఆడాల్సి వచ్చింది. మే చివర్లో లెఫ్ట్ ఫీల్డర్ మార్సెల్ ఓజునా అరెస్టయి దూరమయ్యాడు. జులై 10న మయామీలో రైట్ ఫీల్డ్ గోడ దగ్గర ఎగిరి దిగుతూ జట్టు స్టార్ రొనాల్డ్ అకూన్యా కుడి మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. సీజన్ మధ్య ఆల్‌స్టార్ విరామానికి జట్టుకు 44 గెలుపులు, 45 ఓటములు. చాలామంది ఆ సీజన్ మీద ఆశ వదులుకునే పరిస్థితి.

జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథొపౌలస్ ఒక పెద్ద స్టార్ వెంట పడలేదు. జులై 15న కబ్స్ నుంచి జాక్ పీడర్సన్, జులై 30న ఒక్కరోజే మార్లిన్స్ నుంచి ఆడమ్ డువాల్, రాయల్స్ నుంచి హోర్హే సోలర్, క్లీవ్‌లాండ్ నుంచి ఎడ్డీ రొసారియో. ఇచ్చింది ఏమిటి? బ్రైస్ బాల్, అలెక్స్ జాక్సన్, కేసీ కేలిక్, పాబ్లో సాండోవల్. సాండోవల్‌ని క్లీవ్‌లాండ్ వెంటనే వదిలేసింది. ధర ఇంత తక్కువ ఎందుకంటే వచ్చినవాళ్లందరి మీదా ఏదో ఒక మచ్చ ఉంది. సోలర్ కాన్సస్ సిటీలో .192 కొడుతున్నాడు, రొసారియో గాయాల జాబితాలో ఉన్నాడు, ఆ ఇద్దరి కాంట్రాక్టులూ ఆ ఏడాదితో సరి. కానీ సోలర్ 2019లో 48 హోమ్ రన్లతో అమెరికన్ లీగ్‌లో మొదటివాడు, ఆ బలం ఎక్కడికీ పోలేదు. చేతి వాటం కూడా గమనించండి: ఇద్దరు ఎడమచేతి బ్యాటర్లు, ఇద్దరు కుడిచేతి వాళ్లు. డువాల్ సెంటర్ కూడా సర్దుకోగలడు. ఇది నాలుగు విడి ట్రేడ్లు కాదు, ఒకే ఔట్‌ఫీల్డ్‌ని నాలుగు ముక్కలుగా కొనడం.

దాని ఫలితం అక్టోబర్‌లో తెలిసింది. ప్లేఆఫ్స్‌లో మిల్వాకీ సిరీస్ నాలుగో మ్యాచ్ ముందు సోలర్‌కి కోవిడ్ పాజిటివ్ వచ్చింది. జట్టు తడబడలేదు, ఎందుకంటే అతని చోటులో ఆడగలిగినవాళ్లు సిద్ధంగా ఉన్నారు. డాడ్జర్స్ మీద రొసారియో .560 కొట్టి ఆ సిరీస్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో, అప్పటికి నేషనల్ లీగ్ మైదానాల్లో డీహెచ్ లేదు కాబట్టి, సోలర్ బెంచ్ మీద ఉన్నాడు. ఏడో ఇన్నింగ్స్‌లో బ్రేవ్స్ బ్యాటర్ డాన్స్‌బీ స్వాన్సన్ హోమ్ రన్‌తో స్కోరు సమం కాగానే పించ్ హిట్టర్‌గా వచ్చి మరో హోమ్ రన్ బాదాడు, 3-2. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు హ్యూస్టన్ బ్యాటర్ ఆల్టూవే కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ గోడ వైపు దూసుకెళ్తుంటే రొసారియో వెనక్కి పరుగెత్తి గోడ దగ్గర గ్లవ్ చాచి అందుకున్నాడు. మ్యాచ్ అదే స్కోరుతో ముగిసింది. సోలర్ వరల్డ్ సిరీస్ ఎంవీపీ. ఆ నాలుగు ట్రేడ్లకు బ్రేవ్స్ టాప్ ప్రాస్పెక్ట్‌ని (పెద్ద ఆశలు పెట్టుకున్న కుర్రాణ్ని) ఒక్కణ్ని కూడా ఇవ్వలేదు.

బెడిసికొట్టేవి ఎలా ఉంటాయంటే: ఉన్నవాళ్లలాంటివాణ్నే ఇంకొకణ్ని తేవడం ఒకటి, ముఖ్యంగా సెంటర్ ఆడలేని మూడో ఎడమచేతి కార్నర్ బ్యాటర్. అంతకంటే నష్టం చేసేది, ఆప్షన్లు మిగిలిన కుర్ర రిలీవర్‌ని ఇచ్చేయడం. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ ఆడిన మర్నాడు అలసిన పిచర్‌ని కిందికి పంపి తాజా చేతిని పైకి తెచ్చుకునే వెసులుబాటు అతనే. మీరన్న కుర్ర పిచర్ ఈ కోవలోవాడైతే మీ కోపంలో న్యాయం ఉంది. మైనర్స్ కింది మెట్టు సింగిల్-ఎ లో ఉన్నవాడు, 40లో లేనివాడు అయితే నాకు ఆ బేరం తప్పుగా అనిపించదు. వేరే జట్టు విడుదల చేసినవాణ్ని ఎందుకు తీసుకోలేదన్నది మాత్రం తప్పక అడగాలి. అలాంటివాడికి కొత్త జట్టు ఇచ్చేది మిగిలిన రోజులకు కనీస వేతనం మాత్రమే (2025లో పూర్తి ఏడాదికి 7,60,000 డాలర్లు), మిగతాది పాత జట్టు భరిస్తుంది. ఖరీదు పెట్టకుండానే పనయ్యేవాళ్లూ ఉంటారు: 2023లో టెక్సస్ రేంజర్స్ మైనర్ లీగ్ కాంట్రాక్టుతో తెచ్చుకున్న ట్రావిస్ జాంకౌస్కీ, అడోలిస్ గార్సియా గాయపడ్డాక వరల్డ్ సిరీస్ నాలుగో మ్యాచ్‌లో రైట్ ఫీల్డ్‌లో దిగి రెండు హిట్లు కొట్టి రెండు పరుగులు తెచ్చాడు.

తేదీలు కూడా చూసుకోండి. 2019 నుంచి ఆగస్టు వేవర్ ట్రేడ్లు లేవు. జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో వచ్చే ట్రేడ్ గడువు దాటాక ఆ సీజన్‌లో 40 మంది రోస్టర్ మీద ఉన్నవాణ్ని ట్రేడ్ చేయలేరు, వేవర్స్‌లో పట్టుకోవడం, విడుదలైనవాణ్ని తీసుకోవడమే మిగిలే దారులు. అది కూడా ఆగస్టు 31 లోపు జరగాలి, ఆ తర్వాత వచ్చినవాడు ప్లేఆఫ్స్ ఆడలేడు. సెప్టెంబర్ 1 నుంచి రోస్టర్ 28కి పెరిగి, పిచర్ల పరిమితి 14 అవుతుంది కాబట్టి అదనంగా ఒక బ్యాటర్‌కి చోటు దొరుకుతుంది, పరుగు కోసమే ఒకణ్ని ఉంచుకునేది అప్పుడే. ప్లేఆఫ్స్‌లో మళ్లీ 26, ప్రతి సిరీస్‌కీ కొత్తగా రాయవచ్చు. అయితే సిరీస్ మధ్యలో గాయం పేరుతో ఒకణ్ని తీసేస్తే అతను తర్వాతి సిరీస్ కూడా ఆడలేడు. అందుకే అక్టోబర్‌లో ఐదో ఔట్‌ఫీల్డర్‌ని మోయాలా, ఇంకో రిలీవర్‌ని మోయాలా అన్నది ఎదుటి జట్టు క్యాచర్ చేతి బలాన్ని బట్టి, వాళ్ల బుల్‌పెన్‌లో ఎంతమంది లెఫ్టీలు ఉన్నారన్నదాన్ని బట్టి సిరీస్ సిరీస్‌కీ మారుతుంది.