మ్యాన్ పేజీలు రాయడం ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. కోడింగ్ ఓ మోస్తరుగా వస్తుంది, రాయడమంటే ఇష్టం. లైనక్స్ కమాండ్లకు మ్యాన్ పేజీలు రాయడాన్ని కెరీర్‌గా తీసుకోవచ్చా?

జవాబు: మ్యాన్ పేజీలంటే కమాండ్‌ను ఎలా వాడాలో కంప్యూటర్‌లోనే చూపించే మాన్యువల్ పేజీలు. వాటి కోసమే మనిషిని పెట్టుకునే సంస్థలు చాలా అరుదు. ఆ పని ఎక్కువగా ప్రోగ్రామ్ రాసినవాళ్లో, వాలంటీర్లో చేస్తుంటారు. అయినా మొదలుపెట్టమనే చెబుతాను. టెక్నికల్ రైటర్ ఉద్యోగానికి వెళ్లేటప్పుడు చూపించడానికి ఇంతకన్నా మంచి నమూనా నాకు కనిపించలేదు.

ఇక్కడ డొంకతిరుగుడు రాతకు చోటు లేదు. 1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తెచ్చిన, లైనక్స్‌కు నమూనా అయిన యూనిక్స్ మాన్యువల్‌లోనే పేరు, వాడే పద్ధతి, వివరణ వరసగా ఉంటాయి. తెలిసిన లోపాలను ‘బగ్స్’ శీర్షిక కింద దాచకుండా చెప్పే అలవాటూ అప్పటిదే. ఆ నిజాయితీ నాకెంతో ఇష్టం.

రాయడం కన్నా పరీక్షించడానికే ఎక్కువ సమయం పడుతుంది. ప్రతి ఆప్షన్‌నూ మీరే నడిపి చూడాలి. ఫైల్ లేకపోతే ఏమవుతుంది? ఒకదానికొకటి పొసగని రెండు ఆప్షన్లు కలిపి ఇస్తే ఏది చెల్లుతుంది? ఎగ్జిట్ స్టేటస్ (ముగిసేటప్పుడు ప్రోగ్రామ్ ఇచ్చే సంఖ్య) ఎంత? ఉదాహరణకు ఫైళ్లలో పదాలు వెతికే గ్రెప్ కమాండ్, వెతికింది దొరక్కపోతే 1, ఎర్రర్ వస్తే 2 ఇస్తుంది. ఆ తేడా పేజీలో లేకపోతే స్క్రిప్ట్ రాసేవాళ్లు పప్పులో కాలేస్తారు. జవాబు తేలనప్పుడు సోర్స్ కోడ్ తెరవాల్సిందే, కాబట్టి కోడింగ్ వదలకండి. మొదట వచ్చే ‘నేమ్’ లైను మీద కూడా బాగా శ్రద్ధ పెట్టండి. మ్యాన్ పేజీలను వెతికే ఎప్రోపోస్ కమాండ్‌తో వెతికేవాళ్లకు కనిపించేది ఆ ఒక్క లైనే.

మార్కప్ (పేజీ రూపాన్ని చెప్పే గుర్తులు) గురించి టెన్షన్ వద్దు. మ్యాన్ పేజీల కోసమున్న ఎండాక్ మాక్రోలు (గుర్తులు) కొన్ని నేర్చుకుంటే చాలు, తప్పులుంటే మ్యాన్‌డాక్ టూల్‌లోని లింట్ తనిఖీ చూపిస్తుంది. హెల్ప్‌టుమ్యాన్ లాంటి టూల్స్ ప్రోగ్రామ్ ఇచ్చే హెల్ప్ నుంచి చిత్తుప్రతి తయారుచేస్తాయి, కానీ అందులో లేని సంగతులు మీరే కనిపెట్టాలి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో ప్రోగ్రామ్‌కు మ్యాన్ పేజీ లేకపోవడాన్ని బగ్‌గానే లెక్కిస్తారు. మీరు రోజూ వాడే చిన్న ప్రోగ్రామ్ అలాంటిదేమైనా ఉందేమో చూడండి. పేజీ రాసి, ఆ ప్రోగ్రామ్ బాధ్యత చూసే మెయింటెయినర్‌కు ప్యాచ్ (చేర్చాల్సిన మార్పుల ఫైలు) పంపండి. దిద్దుబాట్లు వస్తాయి, ఓపిగ్గా సరిచేయండి. ఆమోదం పొందాక ఆ చర్చ లింకును కూడా రెజ్యూమెలో పెట్టండి. మీరేం అడిగారో, విమర్శకు ఎలా స్పందించారో ఇంటర్వ్యూ చేసేవాళ్లు చదువుతారు.